బయట తాళం

తాళంకప్ప నొక్కుకున్న చప్పుడు, అది సరిగ్గా పడిందో లేదోనని అతను ఒకసారి గుంజి చూసిన చప్పుడు, తర్వాత చెప్పులు వరండా మెట్లు దిగి వీధిలో కలిసిపోయిన చప్పుడు, అంతే, ఇక ఇంట్లో ఎవరూ లేరు. తలుపుకు ఇవతల నిలబడి ఆమె ఆ మాటే అనుకుంది, ఇంట్లో ఎవరూ లేరు, అనుకోగానే నవ్వొచ్చింది, నవ్వు రాగానే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది, లేనివాళ్ళు నవ్వకూడదు కదా. ఒక్క గంట ఓర్చుకో, అన్నాడు భర్త, మాష్టారు వస్తాడు, తాళం చూస్తాడు, ఊళ్ళో లేరనుకుని పోతాడు, ఆ వయసులో రెండు బస్సులు మారి వచ్చినవాడు మళ్ళీ వెంటనే రాడు, ఈలోగా కంపెనీవాళ్ళు జీతాలు తేలుస్తారు. కంపెనీవాళ్ళు ఐదు నెలలుగా తేలుస్తూనే ఉన్నారు. పెద్ద పెద్ద మేడల్లో లిఫ్టులు బాగుచేసే కంపెనీ అది, అతను అందులో మెకానిక్కు, జీతం ఆగిన నెల నుంచే అద్దె ఆగింది, అద్దె ఆగిన నెల నుంచే ఇంటి ఓనరు ఫోన్లు మొదలయ్యాయి. ఓనరంటే టైపు మాష్టారు, నిన్న సాయంత్రం ఫోన్లో ఒకటే మాట అన్నారట, రేపు మధ్యాహ్నం వస్తున్నా, అటో ఇటో తేల్చుకునే వెళ్తా. అటో అంటే అద్దె, ఇటో అంటే ఖాళీ. అటూ లేదు, ఇటూ లేదు, అందుకని తాళం. మరి నేనెందుకు లోపల, నేనూ వస్తా, అని అడిగింది, అమ్మనొక్కదాన్నే వదిలి ఎలా, అన్నాడు, అయితే మీరే లోపలుండండి, నేను తాళం వేసి వెళ్తా, అంది, దానికి అతను చెప్పులేసుకున్నాడు. మగవాళ్ళ జవాబులు చాలావరకు చెప్పుల్లోనే ఉంటాయి.

ఇంట్లో ఉండి లేనట్టు ఉండడం తేలిక కాదు, దానికీ పనితనం కావాలి. ఫ్యాను కీచుమంటుంది గనక ఆపేసింది, కుళాయి బొట్లు బొట్లుగా కారుతుంది గనక కింద గుడ్డ పరిచింది, ఫోను నోరు నొక్కి పక్కన పెట్టుకుంది, కుట్టుమిషను వంక చూడనేలేదు. చూస్తే చేతులు లాగుతాయి. మిషను మీద ఆకుపచ్చ కర్టెను సగంలో ఆగిపోయి ఉంది, పాదం కిందే ఇంకా అంచు ఉంది, తెల్లారకముందే లేచి మూడు కర్టెన్లు కుట్టి నాలుగోది మొదలుపెట్టేసరికి తాళం వేళయింది. సాయంత్రానికి కర్టెన్ల షాపతను మనిషిని పంపుతాడు, ఎవరిదో కొత్త ఇల్లట, ఇంటినిండా కిటికీలేనట, ఎంత వెలుగు కావాలని కట్టుకున్నారో, కట్టుకున్నాక మళ్ళీ ఈ కర్టెన్లెందుకో. తన ఇంటికి ముందువైపు కిటికీ ఒక్కటే, దానికి పాత దుప్పటి ముక్క. ఆమె ఆ కిటికీ కింద గోడకు చేరగిలబడి, మిగిలిన ఐదో కర్టెను ఒడిలోకి లాక్కుని, అంచు చేత్తో కుట్టడం మొదలుపెట్టింది. సూదికి చప్పుడు లేదు. దారం గుడ్డలోంచి దూసుకుపోతున్నప్పుడు మాత్రం చిన్న బుస వినిపిస్తోంది, అదీ ఎక్కువేనేమో అనిపించింది. లోపలి గదిలో అత్తగారు గురక పెడుతోంది, ఆ గురకే ఇప్పుడు ఇంటికి శ్రీరామరక్ష, అది ఆగితేనే ముప్పు. ఆవిడకు చెముడు. తనకు వినబడదు గనక లోకానికీ వినబడదనుకుని మంచినీళ్ళు అడిగినా మైకులో చాటింపు వేసినట్టు అడుగుతుంది. అద్దె సంగతి ఆవిడకు ఇంతవరకు చెప్పలేదు, ఆవిడకు గుట్టు చెప్పాలంటే ముందు వీధికి చెప్పాలి. దేవుడా, ఈ గంట ఆవిడ లేవకుండా చూడు, ఆ తర్వాత ఎన్ని మంచినీళ్ళయినా ఇస్తా.

గొడుగు పొన్ను మెట్ల మీద తగిలింది, టక్కు, టక్కు, ఒక్కో మెట్టుకీ ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ టక్కు. సూది గుడ్డలో సగం దిగి ఆగిపోయింది. తలుపు మీద రెండుసార్లు తట్టిన చప్పుడు, ఏమమ్మా, అన్న పిలుపు, ఆ పిలుపు మధ్యలోనే తెగిపోవడం, తాళం కనబడి ఉంటుంది, కప్పను చేతిలోకి తీసుకుని ఎత్తి వదిలేసినట్టున్నారు, అది తలుపుకు కొట్టుకుంది. ఎదురు వాటా ఆవిడ బయటికొచ్చింది. మాష్టారూ, వాళ్ళు లేరండీ, పొద్దున్నే ఎటో వెళ్ళినట్టున్నారు. ఎప్పుడొస్తారో ఏమైనా చెప్పారా అమ్మా? నాతో ఎందుకు చెప్తారండీ, నాకూ బడికెళ్ళి పిల్లదాన్ని తెచ్చుకునే వేళయింది, అని ఆవిడ చెప్పులు కూడా వీధిలోకి దిగిపోయాయి. చూసింది ఆవిడ, తాళం వేస్తున్నప్పుడు తన గుమ్మంలోనే నిలబడి చూసింది, చూసీ అబద్ధం ఆడింది, రేపటినుంచి చక్కెర అయిపోయిందనో చిల్లర లేదనో వచ్చి నిలబడితే కాదనడానికి లేదు, అబద్ధాలకీ అద్దె ఉంటుంది, ఆ అద్దె మాత్రం ఒక్క నెలా బకాయి పడదు. ఇక వెళ్ళిపోతారు, ఇక మెట్లు దిగుతారు, అని చెవులు రిక్కించింది. సరే, వచ్చేదాకా కూర్చుంటా, అన్నారు మాష్టారు, ఎవరితో అన్నారో, తనతోనే అనుకున్నారు కాబోలు, సరిగ్గా కిటికీ కిందికొచ్చి, అబ్బా అంటూ అరుగు మీద కూర్చుని, గోడకు వీపు ఆనించారు. ఇటుపక్క ఆమె వీపు, అటుపక్క ఆయన వీపు, మధ్యన ఒక్క ఇటుక మందం. ఆమె వీపు గోడకు దూరంగా జరిపింది, తగిలితే వేడి తెలిసిపోతుందన్నట్టు.

కాసేపటికి ఆ చప్పుడు మొదలైంది. టకటక, టక, టకటకటక. ఆయన వేళ్ళు. ఊరికే కూర్చుంటే ఆయన వేళ్ళు ఊరుకోవు, గొడుగు మీదో మోకాలి మీదో సంచి మీదో టైపు కొడుతూనే ఉంటాయి. ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారట, సాయంత్రమైతే బెంచీలు చాలక పిల్లలు బయట నిలబడేవారట, తర్వాత టైపు నేర్చుకునేవాళ్ళే లేక మిషన్లు పాత ఇనుముకి వెళ్ళిపోయాయి, ఇన్‌స్టిట్యూట్ అమ్మగా వచ్చిన డబ్బులతో ఈ రెండు గదుల వాటా కొన్నారు, ఆయనకంటూ ఉన్నది ఇదే. ఇది చూపించడానికి వచ్చిన మొదటి రోజున ఎంత మురిసిపోయారు, ఈ గోడ చూడమ్మా, ఈ సున్నం చూడు, గాలి ఇట్నుంచి వచ్చి అట్నుంచి పోతుంది, అని ఆయనే అటూ ఇటూ నడిచి చూపించారు, గాలి తానే అయినట్టు. నన్ను బాబాయిగారూ అను, ఓనరుగారూ అనకు, బాగుండదు, అన్నారు. పదినెలల అద్దె అడ్వాన్సు, అది మాత్రం తగ్గదు, అన్నారు, అడ్వాన్సంటే నాది కాదమ్మా, మీదే, నా దగ్గర భద్రంగా ఉంటుంది, వెళ్ళే రోజున పువ్వుల్లో పెట్టి ఇస్తా. ఆ డబ్బు ఎక్కడెక్కడ పోగేశారో, తన చిట్టీ, అతని బోనసు, అత్తగారు దాచుకున్న పింఛను. తర్వాత కర్టెను నమూనాలు తగిలించుకోవడానికి ఆమె మేకులు కొడితే, ఒకసారి వచ్చినప్పుడు గోడ మీద మేకులన్నీ వేలితో తాకి తాకి చూసి, ఒక్కోటీ గుండెల్లో దిగినట్టే ఉందమ్మా, అన్నారు, అని మళ్ళీ తనే, పోనీలే, బతుకుతెరువు కదా, అన్నారు. మంచివాడే. మంచివాడైతే పోయిన నెల గుమ్మంలో నిలబడి అలా అరుస్తారా, మూడిళ్ళ అవతలిదాకా వినబడేలా, ఆ రోజు అత్తగారు ఊళ్ళో లేదు గనక సరిపోయింది. ఇస్తారా, ఖాళీ చేస్తారా! అడ్వాన్సులో పట్టుకోండి, అన్నాడు అతను. అడ్వాన్సు గోడలకీ గొళ్ళేలకీ, అద్దెకి కాదు! అయితే మా అడ్వాన్సు మా మొహాన కొట్టండి, రేపే సామాను ఎత్తేస్తాం! ఆ మాట అనగానే మాష్టారి మొహం పాలిపోయింది, కోపం అనుకుంది ఆమె, ఇంత కోపిష్టి మనిషా అని భయపడింది, తర్వాత ఆయన వెళ్ళిపోయారు, గొడుగు మర్చిపోయి మళ్ళీ వచ్చి తీసుకెళ్ళారు. అతనేమో లోపలికొచ్చి, చూశావా, అడ్వాన్సు పేరెత్తగానే ఎలా తోక ముడిచాడో, అని నవ్వాడు, నవ్వి అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోయాడు. రేపే ఎత్తేస్తే ఎక్కడికి వెళ్తామండీ, అని అడగలేదు ఆమె. అడగాల్సింది.

మెడ మీద చెమట పురుగులా పాకుతోంది. గొంతులో ఎక్కడో దగ్గు పుడుతోంది, వద్దు వద్దంటే ఇంకా పుడుతోంది, చిన్నప్పుడు దాగుడుమూతల్లోనూ అంతే, బియ్యం డబ్బా వెనక నక్కి కూర్చోగానే తుమ్మో నవ్వో ఉచ్చో ఏదో ఒకటి తన్నుకొచ్చేది, అన్నయ్య చీకట్లో వెతుకుతూ ఉంటే దొరకకూడదని ఎంత ఉండేదో, త్వరగా దొరికిపోతే బాగుండునని కూడా అంతే ఉండేది. ఇంకోసారి నిజంగానే దాక్కున్నారు, ఆట కాదు, అమ్మా, తనూ, అన్నయ్యా, మంచం కింద, బయట అప్పటి ఇంటి ఓనరావిడ కిటికీలోంచి తొంగి చూస్తూ ఉంటే. అమ్మ చెయ్యి తన నోటి మీద ఎంత గట్టిగా ఉందో, ఆ చేతికి ఉల్లిపాయ వాసన, ఇంటావిడ వెళ్ళిపోయాక కూడా అమ్మ చెయ్యి తియ్యలేదు, అలాగే ఉంచి ఏడ్చింది. నేను పెద్దయ్యాక మంచం కింద దాక్కోను, అనుకుంది అప్పుడు. మాట నిలబెట్టుకుంది, ఇప్పుడు కిటికీ కింద దాక్కుంది. ఇంతలో ఫోను నేల మీద గుర్రుమంది, కప్పలా ఎగిరి ఎగిరి పడుతూ పక్కకు జరుగుతోంది, షాపతను, ఆమె దానిమీద కర్టెను కుప్ప పడేసి, ఆ కుప్పమీద తనే కూర్చుంది, కింద అది కొట్టుకుంటూనే ఉంది, ఏమ్మా, రింగులు బిగించావా, ఏమ్మా, సాయంత్రానికి అందుతాయా, అన్నట్టు. అటువైపు వేళ్ళ చప్పుడు ఆగింది. విన్నారా. వినలేదు, మళ్ళీ మొదలైంది, టక, టకటక, కానీ ఇందాకటిలా లేదు, వేళ్ళు తప్పులు కొడుతున్నట్టుంది, ఒక అక్షరం కొట్టి, ఆగి, వెతుక్కుని, ఇంకోటి. ఎందుకు వెళ్ళరీయన, ఇంత ఎండలో ఎందుకు కూర్చుంటారు, ఆ వాకిట్లో నీడ కూడా ఈ వేళకు ఎదుటి గోడెక్కి పోతుంది, ఇంట్లో ఎవరూ ఏమీ అనరా ఈయనను. పెళ్ళి లేదు పిల్లల్లేరు, అక్కగారింట్లో ఉంటారు, అంతే తెలుసు.

టక. ఇంకొంచెం ఆగి, టక. తర్వాత లేదు. ఆమె ఎదురుచూసింది, ఇందాకటినుంచి ఎప్పుడు ఆగుతుందా అని విసుక్కున్న చప్పుడు కోసమే ఊపిరి బిగబట్టి ఎదురుచూసింది. గొడుగు దొర్లుకుంటూ మెట్ల మీద పడిపోయిన చప్పుడు వచ్చింది, దాన్ని ఎవరూ తియ్యలేదు. వెళ్ళిపోయారా. గొడుగు వదిలేసి వెళ్తారా, ఒకసారి వదిలేసి మళ్ళీ వచ్చారు కదా. గోడకు చెవి ఆనించింది, ఆయన ఊపిరి వినిపించింది, బరువుగా, పెద్దగా, మధ్య మధ్యలో ఏదో గొణుగుడు, కళ్ళు తిరుగుతున్నాయి, అన్నట్టుంది, అమ్మా, అన్నట్టుంది. అది తనను పిలవడం కాదు, కష్టంలో ఎవరైనా అనే అమ్మే. ఎదురు వాటా ఆవిడ వస్తుంది, పిల్లను తీసుకుని వచ్చేస్తుంది, చూస్తుంది, వీధిలో ఎవరో ఒకరు పోతూ చూస్తారు, ఈ ఎండలో వీధిలో ఎవరు పోతారు. తను తెరిస్తే అంతా తెలిసిపోతుంది. ఐదు నెలల అద్దె ఎగ్గొట్టినవాళ్ళు కాక, పెళ్ళాన్నీ తల్లినీ లోపల పెట్టి తాళం వేసుకునేవాళ్ళని కూడా తెలిసిపోతుంది, అతని మొహం ఏమవుతుంది, రేపు వీధిలో తలెత్తుకుని ఎలా నడుస్తాడు. లిఫ్టులో మనుషులు ఇరుక్కుంటే నేను ముందు మిషను ముట్టుకోను, అంటాడు అతను, తలుపు ఇవతలనుంచి వాళ్ళతో మాటలు పెట్టుకుంటా, పేరేంటి, ఏం చేస్తుంటారు, ఏదో ఒకటి, మనిషి గొంతు వినబడుతున్నంతసేపూ ఎవరికీ ఏమీ కాదు, వినబడకపోతేనే గుండె జారిపోతుంది. గురక ఆగకుండా వస్తూనే ఉంది లోపలనుంచి. అటువైపు ఊపిరి ఒక్క క్షణం వినబడలేదు. ఆమె లేచిందో, లేవకముందే చేతులు లేచాయో, దుప్పటి ముక్క లాగేసి, కిటికీ రెక్కలు రెండూ ధడాలున తెరిచేసింది.

"బాబాయిగారూ!"

తెల్లటి తల, నడినెత్తిన జుట్టు లేనిచోట చెమట ముత్యాలు. ఆ తల మెల్లగా పైకి లేచింది, కళ్ళు కిటికీని వెతుక్కున్నాయి, ఆమెను చూశాయి, తలుపుకున్న తాళం చూశాయి, మళ్ళీ ఆమెను చూశాయి. ఇదేంటని అడిగేంత ఓపిక ఆయనకు ఉన్నట్టు లేదు.

"షుగరుందమ్మా నాకు... పొద్దుట్నించీ ఏమీ తినలేదు... చేతులు వణుకుతున్నాయి."

ఆమె వంటింట్లోకి పరుగెత్తి గ్లాసు నీళ్ళలో చక్కెర గుప్పిళ్ళతో పోసి కలిపి తెచ్చింది, తెచ్చాక తెలిసింది, కిటికీ ఊచల మధ్య గ్లాసు పట్టదు. అడ్డంగా పెట్టినా, నిలువుగా పెట్టినా పట్టదు, నీళ్ళు ఒలికాయి. అత్తగారి దగ్గు మందు సీసా మూత గుర్తొచ్చింది, ఆ చిన్న మూత పట్టింది. మూత నింపి అందిస్తే ఆయన అందుకుని తాగి వెనక్కి ఇచ్చారు, మళ్ళీ నింపింది, మళ్ళీ తాగారు, మందు తాగే పిల్లవాడిలా కళ్ళు మూసుకుని తాగారు. "మాట్లాడుతూ ఉండండి బాబాయిగారూ. మీ అక్కయ్యగారు ఏం చేస్తుంటారు? మీకంటే చాలా పెద్దా?" "నాలుగేళ్ళు పెద్ద... ఇంకోటి ఇయ్యమ్మా... ఏం చేస్తుంది, నన్ను పోషిస్తుంది." ఆయన మొహంలోకి రంగు తిరిగి వస్తూ ఉంటే ఆమె ఊచలు పట్టుకుని నిలబడింది.

అప్పుడు ఆగింది గురక.

"ఎవరే అమ్మాయ్ అది? ఎవరితో మాట్లాడుతున్నావ్?" వీధి ఆ చివరిదాకా వినబడింది ఆ గొంతు. అత్తగారు గోడ పట్టుకుని నడిచొచ్చి, కిటికీలోంచి చూసి, మొహమంతా నవ్వు చేసుకుంది, తనకంటే చిన్న మగవాళ్ళందరూ ఆవిడకు తమ్ముళ్ళే. "తమ్ముడూ! నువ్వా! బాగున్నావా? అదేంటే, పెద్దమనిషిని గుమ్మంలో కూర్చోబెట్టి కిటికీలోంచి మాటలా? తలుపు తియ్యి!"

"తీయడానికి లేదత్తయ్యా."

"ఆఁ?"

"తీయడానికి లేదూ!"

"ఎందుకు లేదు?"

ఆమె మాష్టారి వంక చూసింది, ఆయన తల దించుకున్నారు. గంటసేపు మిషను తొక్కకుండా, దగ్గకుండా, ఫోను మీద కూర్చుని దాచిన మాట. ఛాతీ నిండా గాలి పీల్చుకుంది.

"బయట తాళం వేసి ఉందత్తయ్యా! మీ అబ్బాయి వేసి వెళ్ళాడు! బాబాయిగారు వస్తున్నారని!"

"వస్తే తాళమెందుకే?"

"అద్దె కట్టలేదు!"

"ఎన్నాళ్ళనుంచి?"

"ఐదు నెలలు! జీతం రావడం లేదు!"

ఆ గొంతు తనదేనా అనుకుంది. ఎదుటి మేడ మీద ఎవరో బట్టలు తీస్తున్నవాళ్ళు ఆగి చూశారు. ఎదురు వాటా ఆవిడ పిల్ల చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరే నిలబడిపోయి ఉంది, ఆ పిల్ల నోరు తెరుచుకుని ఉంది. సిగ్గు వస్తుందనుకుంది, రాలేదు, ఇరుకు జాకెట్టు హుక్కులు విప్పినట్టు పక్కటెముకలు వదులయ్యాయి, వస్తే తర్వాత వస్తుందేమో. అత్తగారు కోడలి వైపు తిరిగింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీకు చెబితే వీధంతా వింటుందని!"

"ఇప్పుడు విందిగా," అంది అత్తగారు, అని అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది. "వెధవ. తాళమేస్తాడా నన్ను పెట్టి. రానీ."

మాష్టారు ఊచలు పట్టుకుని లేచి నిలబడ్డారు. గొంతు తగ్గించి, చెవిలో చెప్పినట్టు, "నేను అరవడానికే వచ్చానమ్మా ఇవాళ. బస్సులో దారిపొడుగునా అరవాల్సినవన్నీ అనుకుంటూ వచ్చా," అన్నారు. "ఖాళీ చెయ్యమందామనుకున్నా. తాళం చూడగానే గుండె ఆగినంత పనైంది. నిజంగానే ఖాళీ చేసి పోయారేమో, రేపొచ్చి అడ్వాన్సు అడుగుతారేమోనని."

"అడిగితే ఏమైంది బాబాయిగారూ, మా డబ్బే కదా."

"లేదమ్మా అది."

ఆమెకు ముందు అర్థం కాలేదు. "లేదంటే?"

"మీరిచ్చింది మీకు ముందున్నవాళ్ళకి ఇచ్చి పంపించా. వాళ్ళిచ్చింది వాళ్ళకి ముందున్నవాళ్ళకి. అట్టా పోతూనే ఉంది. మొట్టమొదటివాళ్ళు ఇచ్చిందేమైందో ఎంత ఆలోచించినా గుర్తుకు రాదు. కొంత మోటారు బాగుకి, కొంత అక్క ఇంటి కప్పుకి. మిగతాది తినేసుంటా. మీ ఆయన మా మొహాన కొట్టండి అన్నప్పుడల్లా నాకు ప్రాణం పోతుంది. కొట్టడానికి ఏముంది నా దగ్గర, ఈ గొడుగు తప్ప."

పోయిన నెల పాలిపోయిన మొహం. కోపం కాదు అది. భయం. ఖాళీ చెయ్యమంటారేమోనని వీళ్ళు, ఖాళీ చేస్తారేమోనని ఆయన, ఇద్దరూ గుమ్మానికి చెరోవైపునా నిలబడి, పిల్లులు ఒళ్ళు ఉబ్బించుకున్నట్టు, లేని బలం చూపించుకుని అరుచుకున్నారు. మరి తన చిట్టీ, అతని బోనసు, అత్తగారి పింఛను. ఎవరో పేరు తెలియనివాళ్ళు సామాను బండిలో వేసుకుని, ఆ డబ్బు లెక్కపెట్టుకుని, ఏ వీధిలోనో ఇంకో గుమ్మంలో ఇంకో ఓనరుకి ఇచ్చి ఉంటారు. ఆమెకు కోపం వచ్చింది, అరవాలనిపించేంత కోపం, నోరు తెరిచింది కూడా.

"ఏమంటున్నాడే?" అని అరిచింది అత్తగారు స్టూలు మీదినుంచి. "ఏదో గొణుగుతున్నాడు, ఏంటది? అడ్వాన్సంటున్నాడా?"

మాష్టారు చెయ్యి ఊచల్లోంచి లోపలికొచ్చింది, ఆ వేళ్ళు ఆగమన్నట్టు విచ్చుకున్నాయి. "వద్దమ్మా. గట్టిగా చెప్పకు. ఈ వీధిలో నన్ను ఇంకా మాష్టారూ అంటారు."

మెట్ల దగ్గర ఎదురు వాటా ఆవిడ కదల్లేదు, మేడ మీదివాళ్ళు బట్టలు మడతపెట్టడం మానేశారు. ఒక్క మాట చాలు, అరిచి చెబితే చాలు, ఐదు నెలల పరువు ఇవాళే వడ్డీతో వసూలవుతుంది. ఆమె ఆ వేళ్ళ వంక చూసింది.

"మంచినీళ్ళు చాలంటున్నారు అత్తయ్యా!" అని అరిచింది. "ఇప్పుడు బాగానే ఉందంటున్నారు!"

"బాగుంటే లోపలికి రమ్మను!"

రావడమంటే తాళం పగలగొట్టడమే. కర్టెన్లకు ఇత్తడి రింగులు బిగించే సుత్తి ఉంది, దాన్ని పిడివైపు నుంచి ఊచల మధ్యగా అందించింది, అది సరిగ్గా పట్టింది. మాష్టారు కప్పమీద మెత్తగా, నెప్పి పుడుతుందేమో అన్నట్టు కొట్టారు.

"గట్టిగా కొట్టండి బాబాయిగారూ."

"తలుపుకి తగులుతుందమ్మా."

"తలుపు మీదే కదా."

"అందుకే!"

ఆమె నవ్వింది, నోటికి ఏదీ అడ్డం పెట్టుకోకుండా. ఆయన కూడా నవ్వారు, నవ్వుతూ ఒక్క దెబ్బ గట్టిగా వేశారు, కప్ప చెక్కుచెదరలేదు గానీ గడియ పట్టీయే చెక్కతో సహా ఊడొచ్చి వేలాడింది. తలుపు తెరుచుకుంది. ఆయన లోపలికి రాకుండా ముందు ఆ చెక్క ఊడిన చోట వేలు పెట్టి తడిమారు, బాధగానే తడిమారు. "ఇది నేనే వేయిస్తాలే," అన్నారు.

"ఇవాళ కుట్టుకూలి వస్తుంది," అంది ఆమె, గుమ్మానికి ఇవతలే నిలబడి. "ఒక నెల అద్దెకు సరిపోదు. వచ్చినంతా మీరే తీసుకెళ్ళండి, అక్కయ్యగారి చేతికి ఇవ్వండి. ఇకనుంచి ఏ నెలది ఆ నెల, ఎంతుంటే అంత, నేనే ఇస్తా. వెనకది మాత్రం అడ్వాన్సులో పట్టుకోండి."

"అడ్వాన్సులోనా?" ఆయన కళ్ళెత్తి చూశారు. "లేని అడ్వాన్సులోంచి కట్టని అద్దె పట్టుకోవాలా?"

"పట్టుకోండి. పట్టుకోగా మిగిలినదుంది, అది మీరు మాకు బాకీ. అది మాత్రం నేను వదలను బాబాయిగారూ."

"వదలకు," అన్నారాయన, చాలా నెమ్మదిగా. "వదలకమ్మా. నువ్వు అడుగుతూ ఉంటేనే నాకు గుర్తుంటుంది." అని లోపలికెళ్ళి అత్తగారి పక్కన నేలమీద కూర్చున్నారు, అత్తగారు ఆయన ఆరోగ్యం గురించి వీధికంతా వినబడేలా అడగడం మొదలుపెట్టింది. అక్క చేతిలో ఈ కాస్త డబ్బు పెట్టినప్పుడు ఆవిడ ఏమంటుందో, ఏమీ అనకుండా ఎలా చూస్తుందో, ఆ చూపు ఈ లెక్కలో ఎక్కడా లేదు. షాపతను ఏమంటాడో అదీ తెలియదు, కర్టెన్లు ఇంకా రెండు మిగిలే ఉన్నాయి.

ఆమె వరండాలోకొచ్చింది. గాలి అన్నారు కదా ఆయన, ఇట్నుంచి వచ్చి అట్నుంచి పోతుందని, ఎక్కడా లేదు, ఎండ మాత్రం ఉంది, ఆ ఎండలోనే నిలబడింది. మెట్ల మీద పడి ఉన్న గొడుగు తీసి గోడకు ఆనించింది. వీధి మలుపులో పాల వ్యాను ఆగి ఉంది, దాని వెనక నీలం చొక్కా ఉంది. ముందు ఎవరో అనుకుంది. చొక్కా కాస్త పక్కకు జరిగి మళ్ళీ వెనక్కి వెళ్ళింది. అతనే, కంపెనీ ఆఫీసుకు వెళ్తానని బయల్దేరిన మనిషి, ఈ గంటసేపూ అక్కడే ఆ వ్యాను నీడలో నిలబడి, మాష్టారు ఎప్పుడు లేస్తారా, ఎప్పుడు వెళ్తారా అని ఈ తలుపు వంకే చూస్తూ ఉన్నాడు. కిటికీ తెరవడం చూసే ఉంటాడు, సుత్తి చూసే ఉంటాడు, ఆమె గొంతు వినే ఉంటాడు, అక్కడిదాకా వినబడకపోవడానికి వీల్లేదు. తిట్టాలనిపించింది. ఆ చొక్కా వీపు అంతా తడిసి ఉంటుందని కూడా అనిపించింది.

"ఏమండీ," అని పిలిచింది. తలలు అటు తిరిగాయి, మేడ మీదివి, మెట్ల దగ్గరివి. "రండి. అందరం ఇంట్లోనే ఉన్నాం."

అతను వ్యాను వెనకనుంచి ఇవతలికి వచ్చి రోడ్డు అంచున నిలబడ్డాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. బళ్ళేవీ రావడం లేదు. అయినా చాలాసేపు చూశాడు, తర్వాత దాటాడు.